అంగడియు ననుభవ మంటపమే
(బసవ జయంతి నాటి ప్రవచనము)

శ్రీ గురు బసవలింగాయ నమః



నేడు అక్షయ తృతీయ. బసవేశ్వరుని జయంతి. బజారులోని బంగారు అంగళ్ళు క్రిక్కిరిసి యున్నవి. ఆ వీథి మీదుగనే మీరందఱు మఠమునకు వచ్చితిరి. మీలో సగముమంది అంగడి తలుపు దగ్గఱగా వేసి, పిల్లవాని నొకనిని గల్లాపెట్టె కడ కూర్చుండబెట్టి, గంటసేపటికై వచ్చినవారని నే నెఱుగుదును. కిరాణము, బట్టలు, గానుగ, పిండిమర, కుట్టుపని - మన కుటుంబములలో అనేకులకు ఇవియే జీవనాధారములు. కావున నేడు షట్స్థలములను గూర్చి పెద్దలు చెప్పుదురని విడిచి, అంగడిలో పలుకవలసిన మాటను గూర్చియు, అంగడికి వలసిన క్రొత్త ఆలోచనను గూర్చియు కొంత మనవి చేయదలచితిని.

ఇది మఠమునకు తగని విషయమని ఎవ్వరును తలంపవలదు. కాయకమును శివపూజగా నెంచిన శరణుల సంతతి మనము. పూజలో మంత్రము తప్పుగా పలికినచో వెంటనే సరిదిద్దుకొందుము. కాయకములో మాట తప్పుగా పలికినచో ఏల సరిదిద్దుకొనరాదు?

నిరుడు శ్రావణమాసమున మా బంధువర్గములోని యువకు డొకడు మా యింటికి వచ్చెను. జహీరాబాదు ప్రాంతములోని ఒక చిన్న యూరిలో అతని తాత పెట్టిన కిరాణపు అంగడి కలదు. మూడు తరములుగా ఆ కుటుంబము దానిపైననే బ్రతుకుచున్నది. శరణార్థి చెప్పి కూర్చుండి, "సారూ, దసరా దాక చూసి దుకాణం మూసేద్దామనుకుంటున్న. హైదరాబాదుల ఏదన్న నౌకరి చూపియ్యండి" అనెను. కారణ మడిగితిని. రోడ్డు కావలివైపున పెద్ద అంగడి యొకటి వెలసినదట. అక్కడ చల్లని గాలి, త్రోపుడు బండ్లు, తగ్గింపు ధరలు. అది చాలదన్నట్లు, ఫోనులో నొక్కిన సరకు ఇంటి గుమ్మము లోనికి వచ్చుచున్నదట. "ఇగ మన కాడికి ఎవరొస్తరు సారూ?" అని తల వంచుకొనెను. ఇంట ముసలితల్లి, భార్య, బడి కేగు పిల్ల లిద్దఱు, తీర్పవలసిన అప్పు.

నేను వర్తకుడను కాను. ముప్పది యేండ్లుగా పిల్లలకు తెలుగు చెప్పుచున్నవాడను. ధరల మర్మము నాకు తెలియదు. మాట మర్మము కొంత తెలియును. కావున ఒక ఆదివారము నాడు వెళ్ళి, అతని అంగడిలో మూలనున్న పప్పుబస్తా మీద తెల్లవాఱినది మొదలు దీపములు పెట్టు వేళ వఱకు కూర్చుంటిని.

ఒక అవ్వ వచ్చి, "బెల్లమున్నదా బిడ్డా?" అని అడిగెను. అతడు ఫోను నుండి కన్నెత్తకయే "ఉంది, ఎంత?" అనెను. "మంచిదేనా?" అని ఆమె అడుగగా, "చూస్తున్నవు గద, ఇష్టముంటే తీసుకో" అనెను. అవ్వ తీసికొనలేదు. పిదప ఒక కూలివాడు పది రూపాయల కాగితము చేత బట్టుకొని నిలుచుండెను; అంతలో మోటారు వాహనము దిగిన ఆసామి వచ్చెను; సరకు ముందుగా ఆసామికే దక్కెను. కూలివాడు వెడలిపోయెను. మఱియొక ఇల్లాలు కొఱ్ఱబియ్యము కావలె ననెను. "లేదు." అంతే. ఎప్పుడు వచ్చునో చెప్పలేదు, ఎక్కడ దొరకునో చెప్పలేదు. బడిలో అచ్చుతప్పులు లెక్కించు అలవాటు కొద్ది నేను లెక్కించితిని. ఆ దినమున వట్టి చేతులతో మరలినవారు తొమ్మండుగురు. ఫోను ద్వారా చెల్లింపు రాగానే పలుకు చిన్న పెట్టె యొకటి అక్కడ కలదు. ఆ దినమున అంగడిలో స్పష్టముగా, మర్యాదగా మాట్లాడినది ఆ పెట్టె యొక్కటే!

రాత్రి భోజనమైన తరువాత అతనితో, "నాయనా, ఎదుటి అంగడిలో గాలి యంత్రములున్నవి గాని, అవ్వకు బెల్ల మెందుకో అడుగు మనిషి లేడు. నీ అంగడిలో ఆ మనిషి యుండియు నోరు విప్పకున్నాడు. నీ కొఱతవడిన పెట్టుబడి అదియే" అంటిని. ఆ రాత్రి అతనితో నే నాడిన మాటలే నేడు మీ యెదుట వివరముగా విన్నవించుచున్నాను.

మొదటిది సంబోధన. మనిషిని పిలుచు తీరులోనే స్వర్గమును నరకమును కలవని బసవేశ్వరుడు బోధించెను. ఆయన బిజ్జలుని కొలువున భండారియై అధికారము నెఱపినవాడు. అయినను తన కడకు వచ్చిన కడజాతివానిని తండ్రీ యని పిలువ వెనుదీయలేదు. మన ప్రాంతమున తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ - నాలుగు భాషలును బజారులో వినబడును. ఏ భాషలోనైనను అవ్వ, అక్క, అన్న, అయ్య యను పిలుపులు కలవు. వాటికి పైకము పోదు. పది రూపాయల వానిని, పదివేల రూపాయల వానిని వచ్చిన వరుసలోనే పలుకరింపుడు. ఒకనికి సరకు తూచుచుండగా రెండవవాడు వచ్చినచో, "కూర్చో అన్నా, ఇదైపోగానే నీదే" యని ఒక్క మాట యనుడు. నిలువవలసి వచ్చుటకు మనిషి అంతగా నొచ్చుకొనడు. తాను కనబడలేదని నొచ్చుకొనును. నోరు మంచిదైన ఊరు మంచిదని పెద్ద లూరక అనలేదు.

రెండవది వినుట. కల్యాణములోని అనుభవ మంటపమును తలంచుకొనుడు. శూన్యసింహాసనమున అల్లమప్రభువు. చుట్టును కూర్చున్న వారెవరు? బట్టలుతుకు మడివాళ మాచయ్య, ఓడ నడుపు అంబిగర చౌడయ్య, త్రాళ్ళు పేను నులియ చందయ్య, బుట్టలల్లు మేదర కేతయ్య, కట్టెలమ్ము మోళిగె మారయ్య. అందఱును చిన్న వృత్తులవారే. అక్కడ ఒకరు చెప్పుట, తక్కినవారు తలలూపుట కాదు జరిగినది. ప్రశ్న, ప్రతిప్రశ్న, సమాధానము. పండ్రెండవ శతాబ్దమున మాట వినబడుట కర్హత కులము కాదు, ధనము కాదు. అనుభవమే అర్హత. మీ అంగడి గుమ్మము నెక్కిన ప్రతివాడును తన యింటి అనుభవమును మోసికొని వచ్చుచున్నాడు. దానిని వినుడు.

ఆ అవ్వను "బెల్లం దేనికవ్వా?" యని ఒక్క మాట అడిగి యుండినచో ఆమె చెప్పి యుండును. అరిసెల పాకమునకైన బెల్లము వేఱు. నైవేద్యమునకు చిన్నముక్క చాలును. బాలింతకు పెట్టుటకైన పాతదియు, మట్టి లేనిదియు చూచి యీయవలెను. ఆ ప్రశ్న అడుగనివాడు వస్తువు నమ్మును, అడిగినవాడు అక్కఱ తీర్చును. అక్కఱ తీఱిన చోటికి మనిషి మరల వచ్చును. చెప్పేవాడికి వినేవాడు లోకువ యను సామెత కలదు. అంగడిలో మాత్రము వినువాడే గెలుచును.

మూడవది నిజము. మాటను ముత్యాల హారముతోను, మాణిక్యపు కాంతితోను, స్ఫటిక శలాకతోను పోల్చిన బసవేశ్వరుని వచనము మన యిండ్లలో పిల్లలకు సైతము తెలిసినదే. ముత్యాల హారమనగా వరుస. చెప్పవలసినది చిక్కు లేకుండ చెప్పుట. కాంతి యనగా ఎదుటివానికి వెలుగగుట. శలాక యనగా ఖండించి పలుకుట. ఇన్ని చెప్పి తుదకు, మాటవలె నడత లేనిచో కూడలసంగముడు మెచ్చడని ఆయన హెచ్చరించెను. వర్తకునికి ఇంతకు మించిన శాస్త్ర మేమి కలదు? వస్తువు లేనిచో లేదని చెప్పి, "గురువారం తెప్పిస్త" అనుడు. గురువారము నాటికి తెప్పింపుడు. తెప్పింపజాలనిచో దొరకు చోటు చూపుడు. కుట్టుపని చేయు సోదరులు ప్రతిదినము "రేపు" అనుట మానవలెను. వారము పట్టునని తోచినచో పదిదినము లని చెప్పి, తొమ్మిదవనాడే యిచ్చినవానికి కలుగు గౌరవము చూడుడు.

నిజము పలుకుట నేడు ధర్మమే కాదు, చట్టము కూడ. 2019 సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అమ్మిన వస్తువునకు బిల్లు ఇయ్యకుండుటయు, లోపమున్న వస్తువును తిరిగి తీసికొననని మొండికేయుటయు అక్రమ వర్తకపు పద్ధతులలో చేరినవి. "అమ్మిన సరుకు వాపసు తీసికొనబడదు" అని గోడకు వ్రేలాడదీసిన అట్టముక్క లోపమున్న సరకు విషయమున మనలను కాపాడదు. తిరిగి తెచ్చినవానితో మొదటి మాటగా "ఏమైందమ్మా, చూద్దాం" అనుడు. సగము కోపము అక్కడనే చల్లాఱును.

లెక్క యడిగినపుడు రోషపడుట మనలో కొందఱికి గల జబ్బు. బసవపురాణములోని కథ జ్ఞప్తికి తెచ్చుకొనుడు. భండారములోని ధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని గిట్టనివారు బసవన్నపై చాడి చెప్పిరి. బిజ్జలుడు లెక్క యడిగెను. బసవన్న కోపింపలేదు, అలుగలేదు, భండారము తెఱచి చూపెను. ధనము తక్కువ పడలేదు. అట్టి మహాత్మునికే లెక్క చూపుట చిన్నతనము కానపుడు, పప్పు తూకమును మరల చూపుమన్న ఇల్లాలిపై మనము కన్నెఱ్ఱ చేయు టేల? కాటాను ఆమె వైపు త్రిప్పి మరల తూచుడు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకొనవలసి యున్నది. నాకు పండ్రెండేండ్లప్పుడు మా నాయనగారు చిన్న కొట్టు నడపెడివారు. ఒకనాడు ఆయన భోజనమునకు లేచి నన్ను కూర్చుండబెట్టిరి. మా వీథి చివర నుండు ఒక తల్లి పావుసేరు నూనెకు సీసా పట్టుకొని వచ్చెను. నలుగురు నిలుచుండిరి. నేను ఖాతా పుస్తకము తెఱచి, పెద్దవాడ నైతినను గర్వముతో, "ముందుగాల పాత బాకీ కట్టు" అని అందఱు వినునట్లు అంటిని. ఆమె సీసాను కొంగున దాచుకొని వెడలిపోయెను. ఈ సంగతి తెలిసి మా నాయన నన్నొక్క దెబ్బయు కొట్టలేదు. నూనె తానే పోసికొని, నన్ను వెంటబెట్టుకొని ఆమె యింటికి నడచి, వాకిట నిలువబడి, "పిల్లగాడు తప్పు మాట్లాడిండు తల్లీ" అని చేతులు జోడించిరి. ఆమె నూనె తీసికొనెను. బాకీ కూడ కొన్ని నెలలలో తీర్చెను. కాని మఱెన్నడును మా కొట్టు మెట్లెక్కలేదు. కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేమని బడిలో ఎన్నిమార్లు చెప్పితినో. చెప్పినపుడెల్ల ఆ సీసా నా కండ్లకు కట్టును. బాకీ అడుగవలసినదే. అడుగనివాని అంగడి నిలువదు. అయితే ఒంటరిగా నున్నపుడు, మెల్లగా, తేదీయు మొత్తమును చూపి అడుగుడు. అప్పు పుస్తకములో నుండవలెను, పదిమంది నోట నుండరాదు.

నాలుగవది వ్రాత. పాల్కురికి సోమనాథుడు పదుమూడవ శతాబ్దపు మహాపండితుడు. సంస్కృతమున ఆయనకు రాని దేమున్నది? అయినను బసవపురాణమును చెప్పునపుడు, ప్రౌఢములైన గద్యపద్యముల కంటె జాను తెనుగు అందఱికి సులభమని తలంచి, సామాన్యులు పాడుకొనదగిన ద్విపదను గ్రహించెను. తన పాండిత్యము కనబడుట కంటె వినువానికి అందుట ఆయనకు ముఖ్యము. మన అంగడి పలకలను చూడుడు. పసుపు, కారము అమ్ము చోటికిని చదువరాని ఆంగ్లపు పేరు! ఏమి అమ్ముదుమో, ఏ వేళల తెఱచి యుందుమో మీ యూరివాని భాషలో పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. గుమ్మము కడ నల్లపలక యొకటి పెట్టి, ఆనాడు వచ్చిన సరకును, ధరను సుద్దతో వ్రాయుడు. వాట్సాపులో ప్రతిదినము పూలబొమ్మలతో శుభోదయములు పంపువారు, అసలు కబురు పంపిననాడు ఎవరును చదువరు. "కొత్త కందిపప్పు వచ్చినది, కిలో ధర ఇంత, రాత్రి తొమ్మిది వరకు ఉంటాము" - ఇంత చాలును. అవసరము కలిగిననాడే పంపుడు.

ఐదవది నూతన కల్పన. క్రొత్త ఆలోచన యనగానే నగరమునుండియో, విదేశమునుండియో తేవలయునని మన పిల్లలు భావించుచున్నారు. వచనకారు లెక్కడినుండి తెచ్చిరి? చౌడయ్యకు ఓడయు నదియు, మాచయ్యకు మాసిన గుడ్డయు మడియు - చేతిలోని పనిముట్టే వారికి ఉపమాన మయ్యెను. అంతియ కాదు. వచనము చివర అంకితము వేయుట వారి సంప్రదాయము. బసవన్నకు కూడలసంగమదేవుడు, అల్లమునకు గుహేశ్వరుడు, అక్కమహాదేవికి చెన్నమల్లికార్జునుడు. చౌడయ్య మాత్రము తన పేరునే, ఓడవాడనని వృత్తితో కూడ, అంకితముగా వేసికొనెను. పనియే అతని ముద్ర. నేటి వర్తకులు సరకుపై వేయు గుర్తునకు అర్థమిదియే: ఈ వస్తువునకు నేను జవాబుదారుడను అనుట. ఆ మాట అనగలిగినవాడే గుర్తు వేయవలెను.

మా యువకునికి నేను చెప్పిన ఉపాయము మిక్కిలి చిన్నది. రెండణాల విలువ చేయని ఒక నోటుపుస్తకము తీసికొని, పైన "లేదు" అని వ్రాయించితిని. ఎవరేది అడిగి లేదనిపించుకొన్నను అందులో తేదీతో వ్రాయవలెను. రెండునెలలు గడచినవి. పుస్తకము చూచుకొనగా కొఱ్ఱలు, పొట్టుమినుములు మరల మరల కనబడెను. మధుమేహమున్న పెద్దలు గల యిండ్లవారు అడుగుచున్నారు. రెండవది మఱింత వింత. నోములకు, గృహప్రవేశములకు వచ్చువారు నాలుగు వస్తువులు కొని, అయిదవది మఱచి, మరల పరుగెత్తి వచ్చుచున్నారు. అతడును భార్యయు కూర్చుండి, ఆయా పూజలకు కావలసిన వస్తువులన్నియు ఒక్క పొట్లముగా కట్టి, తెలుగులోను కన్నడములోను పట్టిక వ్రాసి పైన అంటించిరి. ఎదుటి పెద్ద అంగడిలో అన్ని వస్తువులును కలవు గాని, ఏ పూజకు ఏవి కావలెనో ఎఱిగినవారు లేరు.

ఆ పొట్లములు కట్టునపుడు నిరుటి కర్పూరము కొంత మిగిలి యుండగా, ఇందులో వేసి వదిలించుకొందమని అతనికి బుద్ధి పుట్టినదట. ముసలితల్లి లోపలినుండి, "మూట కట్టినంక లోపల ఏమున్నదో వాళ్ళకు ఇంటికి పోయినంక గదరా తెలిసేది" అనెనట. చేయి ఆగిపోయినది. బంధువులారా, ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అక్కఱకు మించిన బియ్యము తెచ్చినపుడు, ఇంత యెందులకు, తిరిగి పోసి రమ్మన్న ఇల్లాలు లక్కమ్మ కథ మీ రెఱుగుదురు. మారయ్య పెద్దతన మంతయు ఆమె మాటను వినుటలో నున్నది. మీ అంగడికిని ఒక లక్కమ్మ కలదు. ఆమె తల్లియో, భార్యయో, కోడలో కావచ్చును. వంటయింటినుండి వచ్చు ఆ మాటను త్రోసిపుచ్చకుడు. కొనువాని పక్షమున మాట్లాడువా రొకరు మన యింటనే యుండుట శివానుగ్రహము.

అతడు ధనవంతుడైనాడా యని మీ రడుగవచ్చును. కాలేదు. నెలసరి పెద్ద సామాను నేటికిని చాలమంది ఎదుటి అంగడిలోనే కొనుచున్నారు. అప్పు ఇంకను కొంత మిగిలియున్నది. కాని దసరా గడచినది, సంక్రాంతి గడచినది, అంగడి మూతపడలేదు. మొన్న నేను వెళ్ళినపుడు ఆ అవ్వయే మెట్లపై కూర్చుండి, మనుమరాలి పెండ్లి సామాను పట్టిక చెప్పుచుండెను. అతడు ఫోను ప్రక్కన బెట్టి వ్రాసికొనుచుండెను. నౌకరి మాట అతడెత్తలేదు. నేనును ఎత్తలేదు.

శరణులారా! ఈ దినమున కొన్న బంగారము తఱుగదని లోకము నమ్మును. దాని ధర విని అనేకులము దూరమునుండియే నమస్కరించితిమి. బంగారము కొనలేనివారమును కొనిపోదగినది ఒకటి కలదు. రేపు ఉదయము తలుపు తెఱచి, దీపము వెలిగించి, ఇష్టలింగమును స్మరించుకొని, మొదట వచ్చువానిని పేరుపెట్టి యో, వరుసపెట్టి యో పలుకరింపుడు. "దేనికి కావలె?" నని అడుగుడు. లేని వస్తువును వ్రాసికొనుడు. తూకమును అతని వైపు త్రిప్పుడు. ఇచ్చిన మాటను ఇచ్చిన నాటికి చెల్లింపుడు. అప్పుడు గుమ్మము లోపల మీరును, వెలుపల అతడును కూడ శరణులే. ఆ అంగడియు ననుభవ మంటపమే.

శివమస్తు.